ఎండకు లెక్కుంది, ఉక్కకు లేదు

అండమాన్ సెల్యులార్ జైలు కొట్లో రెండు నిమిషాలు నిలబడితే చాలు, గాలి కదలడం లేదని ఒంటికే తెలిసిపోతుంది. వెనక గోడకు దాదాపు పది అడుగుల ఎత్తున ఒకే ఒక చిన్న కిటికీ. ముందు ఇనుప కటకటాల తలుపు. దాని గడియ లోపలి మనిషి చేతికి అందకుండా పక్క గోడలో దూరంగా బిగించారు. 1896లో మొదలై 1906లో పూర్తయిన ఈ కట్టడానికి అప్పట్లో ఏడు రెక్కలు, ఇప్పుడు మిగిలినవి మూడు. నేను చూస్తున్న పోర్ట్ బ్లెయిర్‌లో (2024 నుంచి దీని పేరు శ్రీ విజయపురం) ఏప్రిల్ మధ్యాహ్నం ఉష్ణోగ్రత 32 డిగ్రీల దగ్గర ఆడుతుంది. రెంటచింతలలోనో రామగుండంలోనో ఏప్రిల్‌లో ఆ అంకె చెబితే చల్లబడిందని సంతోషిస్తారు. ఇక్కడ మాత్రం చొక్కా వీపుకు అంటుకుందంటే ఇక ఆరదు. ఎద్దుకు బదులు ఖైదీని కట్టి కొబ్బరి నూనె ఆడించిన గానుగను సందర్శకులకు చూపిస్తున్నారు. ఆ పని మనుషుల్ని ఎలా పిండేసిందో ఇక్కడ శిక్ష అనుభవించినవాళ్లు రాసిపెట్టారు. 45 డిగ్రీల ఎండ ఈ దీవుల్లో కాయదు. గాలాడని చోటు, ఎడతెగని చాకిరీ, ఆరని చెమట, ఇవే ఆ పనికి తోడయ్యాయి.

తెలుగులో ఎండ వేరు, ఉక్క వేరు. మన వడగాలి ప్రకటన లెక్క కట్టేది ఎండ ఒక్కటే. వాతావరణ శాఖ తీర ప్రాంతాల్లో వడగాలి అని ప్రకటించాలంటే ఉష్ణోగ్రత కనీసం 37 డిగ్రీలుండాలి, అది మామూలు కంటే నాలుగున్నర డిగ్రీలు ఎక్కువగానూ ఉండాలి. ఏడాది పొడవునా 30 డిగ్రీల చుట్టూ తిరిగే ఊళ్లో ఆ గీత దాటే రోజు రావడం చాలా అరుదు. కానీ 32 డిగ్రీలకు 70 శాతం తేమ కలిస్తే ఒంటికి తగిలే వేడి దాదాపు 41 డిగ్రీలంత ఉంటుందని అమెరికా వాతావరణ సంస్థ పట్టిక చెబుతుంది. అది కూడా చెమట సరిగా పట్టే మనిషికి, నీడలో ఉన్నప్పుడు వేసిన లెక్క.

చెమటే పట్టని మనిషి సంగతి ఏమిటి? జైలు ఆవరణలోనే 1963లో వెలసిన గోవింద్ వల్లభ్ పంత్ ఆసుపత్రి ముందు నిలబడితే నాకు ఈ ప్రశ్నే ముల్లులా గుచ్చుకుంటోంది. మెడ దగ్గర గానీ ఛాతీ పైభాగంలో గానీ వెన్నుపాము తెగినవారికి ఆ దెబ్బ కింది శరీరానికి చెమట పట్టాలన్న కబురు మెదడు నుంచి అందదు. అక్కడి చర్మంలో రక్తనాళాలు విప్పారి వేడిని బయటికి పంపే ఏర్పాటూ దెబ్బతింటుంది. ఒంట్లో సగానికి పైగా చల్లబడే దారి మూసుకుపోయినట్టే. పైగా మూత్రం నిలవడానికి వాళ్లలో చాలామంది వాడే ఆక్సీబ్యూటినిన్ లాంటి మందులు మిగిలిన చెమటనూ తగ్గిస్తాయి. చక్రాల కుర్చీ మెత్త వీపునూ తొడలనూ కప్పేసి గాలి తగలనివ్వదు. మల్టిపుల్ స్క్లెరోసిస్ ఉన్నవారికి ఒంటి వేడి అర డిగ్రీ పెరిగినా చూపు మసకబారవచ్చు, కాళ్లు పట్టు తప్పవచ్చు. జర్మన్ కంటివైద్యుడు ఊట్‌హాఫ్ 1890లోనే ఈ లక్షణాన్ని గుర్తించాడు. మనసు జబ్బులకు వాడే కొన్ని మందులు శరీరం వేడిని సర్దుకునే శక్తినే తగ్గిస్తాయి. వీటన్నిటికంటే నన్ను ఎక్కువ బాధపెట్టేది నీళ్ల సంగతి. కుర్చీ పట్టే మరుగుదొడ్డి లేని ఊళ్లో, బయటికి వెళ్లాల్సిన రోజున పొద్దుటి నుంచే నీళ్లు మానేసే మనిషికి దాహం వేస్తే తాగండి అని పోస్టరు అంటించి ఏం లాభం?

సముద్రం పక్కనే ఉంటే ఉక్కేమిటి, గాలి రాదా అని అడగవచ్చు. వస్తుంది. జైలు నడిమి గోపురం మెట్లెక్కి డాబా మీదికి చేరితే ముఖం మీద చల్లగా కొడుతుంది. ఆ మెట్లు ఎక్కగలిగినవారికి. ఫ్యాన్ ఉందిగా అనేవారికి జవాబు ఇది. ఫ్యాను గాలి ఒంటి మీది తడిని ఆరబెట్టి చల్లబరుస్తుంది, తడే లేనప్పుడు దాని బలం చాలా తగ్గిపోతుంది. తడి తువ్వాలు కప్పో, ముఖానికీ చేతులకూ నీళ్లు చిలకరించో ఫ్యాను కింద కూర్చుంటే అది అరువు చెమటలా పనిచేస్తుంది. తెలంగాణ ఇళ్లలో గడ్డి పలకలకు నీళ్లు కారే కూలరు ఈ తేమలో దండగ. ఏసీ మేలే, కానీ దీవుల కరెంటులో ఎక్కువ భాగం డీజిలు మీద నడుస్తుంది. అందుకే ఇంటింటికీ ఏసీ కావాలని నేను అనను, జనరేటరు ఆసరా ఉన్న ఒక చల్లని గది ప్రతి ఆరోగ్య కేంద్రంలో ఉంటే చాలు. రోజూ హెచ్చరిస్తే ఎవరూ పట్టించుకోరన్న అభ్యంతరం మాత్రం గట్టిది, దాన్ని నేను తోసిపుచ్చను. ఊరంతటికీ రోజూ మైకు పెట్టనక్కర్లేదు, ఎవరికి ప్రమాదమో వారికి చేరితే చాలు. 2021లో కెనడాలోని బ్రిటిష్ కొలంబియాలో వేడికి చనిపోయిన 619 మందిలో నూటికి 98 మంది పోయింది ఇళ్లూ గదుల లోపలే. నాలుగు గోడల మధ్య ఉన్నవారి దగ్గరికి ఎవరో ఒకరు వెళ్లి తలుపు తట్టాలి.

వెళ్లాలంటే చిరునామా కావాలి. 2016 వికలాంగుల హక్కుల చట్టం 8వ సెక్షన్ ఆ పని ఎవరిదో చెప్పేసింది. జిల్లా విపత్తు నిర్వహణ సంస్థ తన జిల్లాలోని వికలాంగుల వివరాలు నమోదు చేసి ఉంచాలి, ముప్పు వచ్చినప్పుడు వారికి తెలియజేయాలి. 2004 సునామీ చూసిన దీవులకు ఆ జాబితా విలువ ఎవరూ నేర్పనక్కర్లేదు. ఆ పట్టికలో మరో గడి గీసి, ఈ మనిషికి చెమట పడుతుందా, ఏ మందులు వాడుతున్నారు అని రాసుకోవాలి. తుపాను కబురు చేరే దారిలోనే ఉక్క కబురూ పంపాలి. 2011 జనగణన ప్రకారం ఇక్కడ నూటికి 13 మంది మాతృభాష తెలుగు. వాళ్లలో శ్రీకాకుళం తీరం నుంచి వచ్చి వలలు వేస్తున్న కుటుంబాలకు ఆర్ద్రత శాతం అని పంపితే అర్థం కాదు. ఈ రోజు ఉక్క ఎక్కువ, అమ్మకు తడిగుడ్డ వేసి ఫ్యాను కింద కూర్చోబెట్టండి అంటే వెంటనే లేచి ఆ పని చూస్తారు.