గీతకి అవతల రెండు మిల్లీమీటర్లు

కుట్టుమిషన్ తిరుగుతోంది. దాని కింద గుడ్డ లేదు, సూదీ లేదు. చక్రానికి బిగించిన చిన్న నల్ల చట్రం మీద తలవెంట్రుకంత సన్నటి రాగితీగ చుట్టుకుంటోంది. మాస్టారు కుడిచేత్తో పిడి తిప్పుతున్నారు. ఎడమచేతి బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య పట్టుకున్న ఉన్నిగుడ్డ ముక్కలోంచి తీగ జారుతోంది. బల్ల మీద ఓ పాత క్యాలిక్యులేటరు. చక్రం ఒక చుట్టు తిరిగినప్పుడల్లా అందులో అంకె ఒకటి పెరుగుతోంది. నేను గుమ్మంలో అడుగుపెట్టేసరికి 3,412.

"కూకో బాబూ. ఎనిమిది వేలయ్యేదాకా నాను నెగలేను" అన్నారు, తల ఎత్తకుండానే.

ఖరగ్‌పూర్‌లో తెలుగు మాట కోసం వెతుక్కోనక్కర్లేదు. బెంగాల్ నాగపూర్ రైల్వే కాలం నుంచీ శ్రీకాకుళం, విశాఖ వైపు నుంచి పనికి వచ్చిన కుటుంబాలు ఇక్కడే పాతుకుపోయాయి. గోల్ బజార్‌లో బేరం హిందీలో మొదలై తెలుగులో తెగుతుంది. మాస్టారిది ఆ వచ్చినవాళ్లలో మూడో తరం. తాతగారి ఊరు బొబ్బిలి దగ్గర పల్లె. రైల్వే వర్క్‌షాపులో ఫిట్టరుగా ముప్పై ఏళ్లు పనిచేసి దిగిపోయారు. ఇప్పుడు నింపురాలోని ఇంటి వసారాలో సాయంత్రం పూట పిల్లలకు హవాయియన్ గిటారు నేర్పుతారు. పిల్లల చేతికి వాద్యం లేకపోతే తానే చేసి ఇస్తారు. ఇప్పుడు చేస్తున్నది ఏడోది, తొమ్మిదో తరగతి చదివే ఒక అమ్మాయి కోసం. అమెరికాలో లాప్ స్టీల్ అంటారు గానీ బెంగాల్‌లో ఎవరినడిగినా దీన్ని హవాయియన్ గిటారే అంటారు.

చుట్ట పూర్తవడానికి ఇంకా గంట పడుతుందని అర్థమై, పక్కన కుర్చీలకు ఆనించి ఉన్న చెక్క చూశాను. ఎనభై సెంటీమీటర్ల పొడవు, పది వెడల్పు, నాలుగు మందం. పాత ఇల్లు కూల్చినప్పుడు తెచ్చిన టేకు ద్వారబంధంలో ముక్క. ఒక చివర మేకు ఉండిన చోట నల్లటి మచ్చ అలాగే ఉంది. ఎండి ఎండి ఇక వంగడానికి ఏమీ మిగలని చెక్క కావాలట. ఆరు తీగలూ బిగిస్తే అవన్నీ కలిసి దాదాపు ఒక మనిషి బరువుతో లాగుతాయి. పచ్చిచెక్కయితే ఏడాది తిరక్కుండా విల్లులా లేస్తుంది.

బొబ్బిలి వీణ గుర్తొచ్చి అడిగాను. వీణకు పనసచెక్క కావాలి, కుండను లోపల తొలవాలి, తొలిచిన మందంలోనే నాదం ఉంటుంది. ఆ పని ఇంట్లో కూర్చుని పుస్తకం చూసి వచ్చేది కాదు. మామూలు గిటారుకైనా మెడను చేతికి ఇమిడేలా గుండ్రంగా చెక్కాలి, మెట్లన్నీ ఒకే ఎత్తులో కూర్చోబెట్టాలి. ఒళ్లో పెట్టుకునే ఈ గిటారుకి మెడను పట్టుకునేది లేదు. మెట్లూ లేవు, తీగను నొక్కేదీ లేదు. తీగలు చెక్కకు తొమ్మిది మిల్లీమీటర్ల ఎత్తున పరుగెడతాయి, వాటి మీద ఉక్కు కడ్డీ జారుతుంది. చేసేవాడికి ఎంతో పని తప్పింది. ఆ తప్పిన పనంతా వాయించేవాడి చెవి మీద పడుతుంది. ఆ రోజంతా ఈ సంగతే రకరకాలుగా నా కళ్లబడుతూ వచ్చింది.

రైలు పట్టాలతో ఈ వాద్యానికి పాత చుట్టరికం ఉంది. హవాయి దీవుల్లో, ఓహూ మీద లాయీ అనే ఊళ్లో పుట్టిన జోసెఫ్ కెకుకు 1889 ప్రాంతంలో, ఇంకా బడికి వెళ్లే వయసులో, గిటారు మీటుకుంటూ పట్టాల వెంట నడుస్తూ కిందపడి ఉన్న బోల్టు తీసి తీగల మీద జార్చాడని కథ. బోల్టు కాదు, జేబుకత్తి మొద్దు వైపు అనేవాళ్లూ ఉన్నారు. మాస్టారికి బోల్టు కథే ఇష్టం. 1915లో శాన్ ఫ్రాన్సిస్కోలో జరిగిన పనామా-పసిఫిక్ ప్రదర్శన తర్వాత అమెరికా మొత్తం ఆ సంగీతం వెంట పడింది. అయితే బాకాలూ డ్రమ్ములూ ఉన్న మేళంలో దీని గొంతు అణిగిపోయేది. స్వయంగా ఈ గిటారు వాయించే జార్జ్ బీచం ఆ బాధ తీరే దారి వెతికాడు. గుర్రపునాడా ఆకారపు అయస్కాంతాల నడుమ తీగలు పోనిచ్చి, కింద రాగిచుట్ట పెట్టి, 1931లో చెక్కతో నమూనా తయారుచేయించాడు. 1932లో అదే అల్యూమినియం పోతతో అమ్మకానికి వచ్చింది. గుండ్రటి ఒళ్లు, పొడుగు కాడ చూసి జనం దాన్ని పెనం అన్నారు. పేటెంటు చేతికొచ్చేసరికి 1937 అయింది. వేదిక మీద భుజాన వేలాడే ఎలక్ట్రిక్ గిటార్లన్నిటికీ ఇదే పెద్దక్క. బీచం తొలి చుట్టను వాషింగ్ మెషిన్ మోటారుతో చుట్టాడని చెబుతారు. ఆ మాట చెప్పగానే మాస్టారి భార్య వంటింట్లోంచి, "అయితే మా ఆయన ఒక్కడే కాదన్నమాట ఇంట్లో మిషన్లు పాడుచేసింది" అన్నారు. కుట్టుమిషన్ ఆవిడది. కాపురానికి వచ్చినప్పుడు తెచ్చుకున్నది.

కోల్‌కతాకు ఈ వాద్యం హవాయి వాళ్ల చేతుల మీదుగానే వచ్చింది. టావ్ మో అనే కళాకారుడు కుటుంబంతో సహా 1940లలో అక్కడ కొన్నేళ్లు ఉన్నాడు. ఆయన దగ్గర నేర్చుకున్న గార్నీ నైస్ లాంటివాళ్లు దాన్ని రేడియోకూ రికార్డులకూ ఎక్కించారు. తర్వాత నజ్రుల్ ఇస్లాం కొడుకు కాజీ అనిరుద్ధ, సునీల్ గంగూలీ. రవీంద్రుడి పాటలూ సినిమా పాటలూ మాటలు లేకుండా వినే అలవాటు బెంగాలీ ఇళ్లకు ఈ గిటారు వల్లనే అబ్బింది. సునీల్ గంగూలీ రికార్డు కిళ్లీకొట్టు దగ్గర విని, పదిహేడేళ్ల వయసులో ప్రతి ఆదివారం రైలెక్కి కోల్‌కతా వెళ్లి ఒక బెంగాలీ గురువు దగ్గర నేర్చుకున్నారు మాస్టారు. పోనూ రానూ రెండువందల ముప్పై కిలోమీటర్లు. నాలుగేళ్లు ఒక్క వారం మానలేదు.

క్యాలిక్యులేటరులో అంకె 5,300 దాటాక ఆయన ఊపిరి కూడా నెమ్మదించింది. ఆ యంత్రం సంగతి చెప్పాలి. చక్రం అంచున బియ్యపుగింజంత అయస్కాంతం అతికించారు. ఎదురుగా గాజుగొట్టంలో రెండు సన్నటి ఇనుపరేకులున్న రీడ్ స్విచ్. అయస్కాంతం దగ్గరికొచ్చినప్పుడు రేకులు కలుస్తాయి, దూరమైతే విడిపోతాయి. ఆ స్విచ్ నుంచి రెండు తీగలు క్యాలిక్యులేటరులోని సమానం మీట కింద అతికించి ఉన్నాయి. మొదట ఒకటి కూడిక ఒకటి నొక్కి వదిలేస్తే, తర్వాత చక్రమే సమానం నొక్కుకుంటూ పోతుంది. మరీ జోరుగా తిప్పితే లెక్క తప్పుతుంది, అందుకే నిదానం. అంతకన్నా పెద్ద భయం తీగ తెగడం. 46వ గేజి తీగ, కోల్‌కతా చాందినీ మార్కెట్‌లో తూకం లెక్కన కొన్నది. వేళ్ల మధ్య కాస్త గట్టిగా పట్టినా తెగుతుంది, వదులుగా వదిలితే చుట్ట ఉబ్బి చట్రంలో పట్టదు. అయిదో గిటారు చేసేటప్పుడు ఆరువేల చుట్ల దగ్గర తెగిందట. ఆ రాత్రి అన్నం తినలేదని అమ్మగారు చెప్పారు.

8,000 కాగానే చెయ్యి ఆగింది. కొసల మీది పూతను నిప్పుపుల్లతో కాల్చి, గరుకు కాగితంతో తుడిచి, మీటరు పెట్టారు. 6.3 కిలో ఓమ్‌లు. ముఖం విప్పారింది. "ఇదెంత పొడుగో తెలుసా బాబూ? చుట్టుకి పదమూడున్నర సెంటీమీటర్లు ఏసుకో. మన ఖరగ్‌పూర్ ప్లాట్‌ఫారం ఈ కొస నుంచి ఆ కొసకి పరిచినా ఇంకా కూసింత మిగుల్తాది." లెక్క వేశాను. 1,080 మీటర్లు. ఒకప్పుడు ప్రపంచంలోనే పొడుగైనదని పేరుపొందిన ఆ ప్లాట్‌ఫారం 1,072. అంత తీగా నా అరచేతిలో అగ్గిపెట్టె కన్నా సన్నగా కూర్చుని ఉంది.

చట్రం మధ్యలో ఆరు ఇనుప మరలు, ఒక్కో తీగ కింద ఒకటి. వాటికి రెండు వైపులా ఫెర్రైట్ అయస్కాంతపు పట్టీలు. రెండు పట్టీలూ ఒకే ధ్రువంతో మరల వైపు చూడాలి కనుక ఒకదాన్నొకటి తోసేసుకుంటాయి. జిగురు ఆరేదాకా మాస్టారు రెండు బొటనవేళ్లతో అదిమిపట్టి కూర్చున్నారు. ఈలోగా అమ్మగారు వేడినీళ్ల గిన్నెలో చిన్న గిన్నె దించి కొవ్వొత్తుల మైనం, కాస్త తేనెమైనం కరిగించారు. జిగురు ఆరిన చుట్టను అందులో దించితే సన్నటి బుడగలు పైకొచ్చాయి. చుట్ల మధ్య ఉన్న గాలి అది. బుడగలు ఆగితే మైనం లోపలిదాకా పట్టినట్టు. పట్టకపోతే వదులుగా ఉన్న చుట్లు శబ్దానికి తామూ వణికి యాంప్లిఫయర్‌లో కీచుమంటాయి.

గీతలు గీసే పని ఆయన ముందురోజే ముగించారు. పద్ధతి మాత్రం నాకోసం మళ్లీ చేసి చూపించారు. గుర్రం నుంచి ఇవతలి అంచు దాకా తీగ పొడవు 571.5 మిల్లీమీటర్లు, అంటే ఇరవై రెండున్నర అంగుళాలు. దాన్ని 17.817తో భాగిస్తే 32.08. అది మొదటి గీత. మిగిలిన 539.42ను మళ్లీ అదే అంకెతో భాగిస్తే 30.28, రెండో గీత. అలా పోగా పన్నెండో గీత సరిగ్గా సగంలో, 285.75 దగ్గర పడుతుంది. పై షడ్జం ఉండేది అక్కడే. గీత నుంచి గీతకు కొలవకూడదు, చిన్న పొరపాట్లు పోగుపడతాయి. ప్రతి గీతనూ మొదటి అంచు నుంచే కొలవాలి.

అప్పుడే గోడ మీది పాత గిటారు దించారు. ఆయన మొదట చేసినది. చెక్క నల్లబడింది, గీతల్లో పోసిన తెల్ల రంగు సగం రాలింది. పన్నెండో గీత దగ్గర ఉక్కుస్కేలు పెట్టి చూడమన్నారు. 283.7. రెండు మిల్లీమీటర్లు తక్కువ.

"ఎవరో పాత మేస్త్రీ పద్దెనిమిదితో భాగించమన్నాడు. అదే సేసీసినాను."

పద్దెనిమిదితో భాగించే లెక్క శతాబ్దాల నాటిది. మెట్లున్న వాద్యాల మీద అది కొంతవరకూ చెల్లిపోయేది. తీగను మెట్టు మీదికి నొక్కినప్పుడు అది సాగి శ్రుతి కాస్త పెరుగుతుంది, గీత దిగువన పడ్డ లోటు కొంత పూడుతుంది. ఇక్కడ నొక్కడమే లేదు కాబట్టి లోటు పూడదు. మెట్లున్న గిటారులో ఇంత తప్పు ఉంటే బాధే. దీని మీద ఆయన పదకొండేళ్లు వాయించారు. ప్రతి స్వరానికీ కడ్డీ గీతను దాటి కాస్త అవతల ఆగేది.

"తప్పని ఎప్పుడు తెలిసింది మాస్టారూ?"

"సెవికి వారంలో తెలిసింది. ఎందుకో తెలవడానికి ఏడేళ్లు పట్టింది."

ఆ మాట విన్నాక ఆ పాత చెక్క మీద నాకు గౌరవం పెరిగింది. తప్పు గీతలున్న పలక మీద తప్పు లేకుండా వాయించిన మనిషి ఎదురుగా కూర్చుని ఉన్నాడు. దక్షిణాదిన గోటువాద్యం, అదే చిత్రవీణ, వాయించేవాళ్లదీ ఇదే స్థితి. మెట్లు లేని వీణ మీద కర్రముక్క జార్చుతూ గమకాలు పలికిస్తారు. స్వరం ఎక్కడుందో చెప్పేది చెవి ఒక్కటే.

మధ్యాహ్నం భోజనాలయ్యాక చుట్టను చెక్కలో తొలిచిన గుంటలో కూర్చోబెట్టారు. 250 కిలో ఓమ్‌ల వాల్యూము కంట్రోలు, జాక్, గుర్రం కిందికి ఒక ఎర్త్ తీగ. గుర్రం అంటే అల్యూమినియం కోణపు పట్టీ మీద ఉక్కు కడ్డీ. బిరడలు మాత్రం కొన్నవి. తీగలెక్కించి యాంప్లిఫయర్ పెట్టగానే బుయ్యిమని హోరు. చేత్తో తీగల్ని తాకితే కొంత తగ్గింది. మాస్టారు గిటారును ఒళ్లోనే మెల్లగా ఈశాన్యం వైపు తిప్పుతూ పోయారు. ఒక చోట హోరు దాదాపు మాయమైంది. ఇంటి కరెంటు తీగలూ ట్యూబ్‌లైటూ వెదజల్లే 50 హెర్ట్జ్ గొణుగుడును ఒంటి చుట్ట అలా పట్టేస్తుంది. దానికి అడ్డంగా తిరిగితే వదిలేస్తుంది. చుట్టూ రాగిరేకు అంటించాలి, రేపటి పని అన్నారు.

శ్రుతి చేశారు. స, ప, స, గ, ప, స. కడ్డీ ఆయనే వర్క్‌షాపు రోజుల్లో తోటివాడి లేతు మీద తీయించుకున్న స్టెయిన్‌లెస్ స్టీల్. పందొమ్మిది మిల్లీమీటర్ల లావు, డెబ్భై అయిదు పొడవు, కొస గుండ్రంగా అద్దంలా ఉంది. 170 గ్రాములుంటుంది. మొదటి స్వరం చెక్క నుంచి కాక గోడ పక్కనున్న పెట్టెలోంచి వచ్చింది. అయినా ఆ ద్వారబంధం ముక్క ఆయన మోకాళ్ల మీద వణికింది. ఆయన రెండు నిమిషాలు ఏదో భటియాలీ వరసలో జారి, గిటారు నా ఒళ్లో పెట్టారు.

కడ్డీని పన్నెండో గీత మీద నిటారుగా నిలిపాను. గీతకు సరిగ్గా పైన. నాలుగో తీగ దాకానే కడ్డీ కొస ఆగేలా వెనక్కి లాగమన్నారు, ఆ కొసకు అవతల ఉన్న మొదటి తీగ విడిగా మోగాలి. రెండూ ఒకేసారి మీటాను. రెండింటిదీ ఒకే పై షడ్జం కావాలి. కాని శబ్దం ఊగుతోంది, చెరువు ఒడ్డున అల కొట్టుకున్నట్టు, సెకనుకు మూడు నాలుగుసార్లు.

"గీత మీదే ఉంది కదండీ."

"నీ కంటికి ఉంది. తీగకీ గీతకీ మధ్య తొమ్మిది మిల్లీమీటర్ల గాలుంది బాబూ, నువ్వు ఎటు వంగితే గీత అటు జరుగుతాది. కళ్లు మూసుకుని ఇను."

మూసుకున్నాను. వేలితో కాక మణికట్టుతో కడ్డీని కుడివైపు జరిపాను. ఊగు మెల్లబడింది. సెకనుకు రెండు. ఒకటి. ఇంకా కాస్త జరిపితే మళ్లీ మొదలైంది, వెనక్కి వచ్చాను. ఒక చోట ఊగు లేదు. రెండు తీగలు ఒక్క తీగయ్యాయి. కళ్లు తెరిస్తే కడ్డీ గీతకు ఎటు ఉందో చూడబుద్ధి కాలేదు, అలాగే పట్టుకుని శబ్దం ఆరిపోయేదాకా విన్నాను.

మాస్టారు గిటారు తీసుకుని బోర్లా తిప్పి, వెనక చెక్క మీద పెన్సిల్‌తో 7 అని, కింద 8,000 అని, దాని కింద 6.3 అని రాశారు. ఆ అమ్మాయి ఆదివారం వస్తుంది. ఈలోగా రాగిరేకు అంటించాలి, టోన్ కంట్రోలుకి 0.047 కెపాసిటరు తేవాలి. అమ్మగారు కుట్టుమిషన్ మీది ఉన్నిగుడ్డ తీసేసి, సూది బిగించి దారం ఎక్కిస్తున్నారు.