రెండో పేరు

2016 ఆగస్టు 6. రియో ఒలింపిక్స్‌లో మహిళల టెన్నిస్ డబుల్స్ తొలి రౌండ్. ఆ రాత్రి డ్యూటీలో ఉన్న నేను భారత జోడీ ఓటమి వార్తకు నాలుగు మాటల్లో శీర్షిక పెట్టాను: ‘సానియాకు తొలి రౌండ్లోనే నిరాశ.’ రెండో క్రీడాకారిణి పేరు చివరి పేరాలో ఉంది. పేజీలో చోటు చాలక ఆ పేరా కాస్తా ఎగిరిపోయింది. ఇద్దరు ఆడిన మ్యాచ్‌లో నా పుణ్యమా అని ఒక్కరే ఓడిపోయారు.

మర్నాడు పేపరు చూశాక గానీ చేసిన పని అర్థం కాలేదు. ఆ రెండో క్రీడాకారిణి ప్రార్థన తొంబారే. మహారాష్ట్రలో సోలాపూర్ జిల్లా బార్షీ ఆమె ఊరు. హైదరాబాద్ శివార్లలోని సానియా అకాడమీలో శిక్షణ పొందింది. 2014లో ఇంచియాన్ ఆసియా క్రీడల్లో సానియాతో కలిసి కాంస్యం గెలిచింది. రియో నాటికి సానియా డబుల్స్‌లో ప్రపంచ నంబర్ వన్. ప్రార్థన ర్యాంకు 200 దాటి ఎక్కడో ఉంది. అయినా ఒలింపిక్స్‌లో జోడీ ఒకే దేశం నుంచి ఉండాలి. అంటే ఆ రెండో పేరు లేనిదే నంబర్ వన్ కూడా కోర్టులో అడుగు పెట్టలేదు. చైనా జోడీ జాంగ్ షువాయి, పెంగ్ షువాయిలతో మ్యాచ్ రెండున్నర గంటలకు పైగా సాగింది. మనవాళ్లు 6-7, 7-5, 5-7తో ఓడారు. నిరాశ అన్న ఒక్క మాటతో తేల్చేయాల్సిన మ్యాచ్ కాదది.

కొన్నేళ్ల తర్వాత మన దేశంలోనే 15,000 డాలర్ల ఐటీఎఫ్ టోర్నీ ఒకటి చూశాను. గ్యాలరీలో పట్టుమని పాతికమంది లేరు. డబుల్స్‌కు పేర్లిచ్చే గడువు ముగిసేలోగా అమ్మాయిలు జోడీల కోసం తిరుగుతున్నారు. ఇద్దరి ర్యాంకులు కలిపి చూసి ప్రవేశం ఇస్తారు కాబట్టి స్నేహం కన్నా ముందు కూడిక సరిపోవాలి. ఆ స్థాయి టోర్నీ డబుల్స్‌లో గెలిచిన జంటకు వచ్చేది 955 డాలర్లు. దాన్ని ఇద్దరూ పంచుకోవాలి. అందులోంచే పన్ను, గది అద్దె, రాకెట్ స్ట్రింగులు, వచ్చే వారం ఊరికి టికెట్టు. మానేసి ఇంట్లో కూర్చుంటే ఏడాది తిరిగేసరికి పాయింట్లు కరిగిపోతాయి. 2013 లెక్కలతో ఐటీఎఫ్ జరిపిన అధ్యయనం ప్రకారం, కోచ్ ఖర్చు కలపకపోయినా, మహిళల్లో పెట్టిన డబ్బు వెనక్కి రాబట్టుకోగలిగింది 253వ ర్యాంకు దాకానే.

మరెందుకు ఆడతారు? ఆ ప్రశ్న ఓ అమ్మాయిని అడగబోయి ఆగిపోయాను. పదేళ్లుగా డెస్కులో పేరు లేని వార్తలు రాస్తున్న నన్ను ఎవరైనా అదే అడిగితే చెప్పడానికి నా దగ్గరా జవాబు లేదు. వచ్చిన పని, నచ్చిన పని. అంతే.

ప్రార్థన ఆడుతూనే వచ్చింది. 2025 ఏప్రిల్‌లో పుణెలో బిల్లీ జీన్ కింగ్ కప్ ఆసియా-ఓషియానియా పోటీలు జరిగాయి. దక్షిణ కొరియాతో సింగిల్స్ చెరొకటి అయ్యాయి. తేల్చాల్సింది డబుల్సే. అంకితా రైనా, ప్రార్థన ఆ మ్యాచ్ గెలిచారు, భారత్ ప్లేఆఫ్స్‌కు చేరింది. రియో నాటి 22 ఏళ్ల అమ్మాయికి అప్పటికి 30 దాటాయి.

ఆ వార్త నా బల్ల మీదికి రాలేదు, వేరే వాళ్లు రాశారు. అయినా పేపరు రాగానే ముందు స్పోర్ట్స్ పేజీ తిప్పాను. శీర్షిక కన్నా ముందు చివరి పేరా చూశాను. రెండు పేర్లూ ఉన్నాయి.