నైట్ డ్యూటీ దసరా

2016లో దసరా అక్టోబరు 11న, మంగళవారం పడింది. ఆ రోజే పాత మెదక్ జిల్లా మూడుగా విడిపోయి, సంగారెడ్డి తన పేరుతోనే జిల్లా అయింది. టీవీల నిండా అదే ముచ్చట. ఇస్నాపూర్‌లో మా రేకుల గదుల వరుసలో మాత్రం అందరి మాటా టర్కీ కోడి మీదే.

సదాశివపేట అవతలి పల్లెలో మా ఆయన మేనమామ నాటుకోళ్లతో పాటు టర్కీలనూ సాకేవాడు. పండుగకని ఒక పుంజును తెచ్చిచ్చాడు. ఏడు కిలోలకు తక్కువ ఉండదు. మెడకింద వేలాడే ఎర్రతోలు చూసి పిల్లలు దాని చుట్టే తిరిగారు.

అమెరికాలో నవంబరు నాలుగో గురువారం ఈ పక్షిని ముక్కలు చేయకుండానే ఓవెన్‌లో పెట్టి గంటలకొద్దీ కాలుస్తారు. మా అత్తమ్మ మటన్ వండినట్టే వండింది. వేడినీళ్లలో ముంచి ఈకలు పీకి, పసుపు రాసి, మంట మీద తిప్పుతూ కాల్చి, తోలుతోనే ముక్కలు కొట్టించింది. టర్కీ రొమ్ములో కొవ్వు తక్కువ. మంట ఎక్కువైతే చెక్కపేడులా బిగుసుకుపోతుంది. కాళ్ల మాంసం అలా కాదు, ఎంత ఉడికితే అంత బాగుంటుంది. అందుకే కాళ్లు, మెడ, రెక్కలు ముందు వేసింది. అవి సగం ఉడికాకే రొమ్ము ముక్కలు పడ్డాయి. ఎండుకొబ్బరి, ధనియాలు, గసాలు వేయించి నూరిన ముద్ద చివర్లో. పక్కన బగారా అన్నం, గారెలు, పచ్చిమిరపకాయలు కాల్చి పిసికిన పచ్చిపులుసు. అంత మసాలా కూర తిన్న నాలుకకు ఆ పులుసే ప్రాణం.

కానీ తినాల్సినవాళ్లు సగంమంది ఇంట్లో లేరు. మందుల కంపెనీల్లో రియాక్టర్‌లో బ్యాచ్ నడుస్తుంటే పండుగని ఆపరు. సాయంత్రం జమ్మి ఆకు చేతిలో పెట్టి, అలాయ్ బలాయ్ తీసుకుని, మా ఆయనా పక్క గదుల వాళ్లూ రాత్రి పది గంటల డ్యూటీకి బస్సెక్కారు. అత్తమ్మ మాత్రం గంటె పట్టుకుని పొయ్యి దగ్గరే నిలబడింది.

"సగం కూర పక్కకు తియ్యి బిడ్డా. పొద్దుగాల డ్యూటీ దిగొచ్చెటోళ్లకు అప్పుడే పండుగ."

మా ఇంట్లో ఫ్రిజ్ లేదు. పడుకునే ముందు ఒకసారి, తెల్లవారుజామున ఒకసారి కూరను తెర్లించాం. తడి గంటె తగలనివ్వలేదు. ఆవిరి పోయేదాకా మూత పెట్టలేదు. పొద్దున అత్తమ్మ పుంటికూర ఉడకబెట్టి, మిగిలిన ముక్కలను చేత్తో చీల్చి అందులో కలిపింది. పులుపు పట్టాక ఆ రొమ్ము మాంసానికి కొత్త రుచి వచ్చింది. ముందురోజు కూరకంటే నాకు ఇదే బాగుందనిపించింది, ఇప్పటికీ అదే మాటంటాను. నేను జొన్నరొట్టెలు కొడుతూనే ఉన్నాను. రాత్రంతా నిలబడి వచ్చినవాళ్లు బూట్లు విప్పి, గుమ్మంలోనే కూర్చుని తిన్నారు. చివరి గదిలో ఉండే బిహార్ పిల్లలు మంగళవారం నీసు ముట్టరు. బుధవారం పొద్దున వాళ్లకూ విస్తరి పడింది. ఆ పిల్లల ముఖాలు చూస్తే, పండుగ నిన్ననే అయిపోయిందని ఎవరూ అనరు.

పండుగకు పంచుకున్న పోగులో మా వాటాగా వచ్చిన మటన్ కొంత మిగిలింది. దాన్ని పొడుగ్గా కోసి, ఉప్పు, పసుపు, కారం పట్టించి తునకలు చేశాం. ఆరుబయట ఎండేస్తే కంపెనీల వాసన పడుతుందని అత్తమ్మ భయం. గదిలోనే పొయ్యి పైన తాడు కట్టి, పల్చటి బట్ట కప్పింది. పల్లెలో వాకిట్లో ఎండిన తునకల రుచి వీటికి రాదని ఆమె బాధపడటం నాకు తెలుసు.

దీపావళి వెళ్లాక ఛఠ్ పూజకు బిహార్ పిల్లలు ఠేకువాలనే తీపి పిండివంట గిన్నెడు తెచ్చిచ్చారు. ఖాళీ గిన్నె తిరిగివ్వకూడదని, వాళ్ల నియమం ముగిసేదాకా ఆగి, అత్తమ్మ అందులో తునకల కూర పెట్టి పంపింది. వాళ్లు కారం ఎక్కువ తినరని, చింతపండు కాస్త ఎక్కువేసి మరీ.