జరమొచ్చిన రోజు సూది

"జరమొచ్చి రెండు దినాల సంది గంజి సుత లోపలికి పోతలేదు సిస్టర్. తిండే లేనప్పుడు సూదెందుకని ఆపిన." నిజామాబాద్‌లో షుగర్ రోగులను చూసే నర్సుగా, వానకాలం వచ్చిందంటే బోధన్ వైపు పల్లెల వాళ్ల నోట నేను పదేపదే వినే మాట ఇది. వినడానికి సబబుగానే ఉంటుంది. కానీ శరీరం అలా నడవదు.

జ్వరంతో పోరాడేటప్పుడు ఒంట్లో కార్టిసాల్, అడ్రినలిన్ వంటి హార్మోన్లు పెరుగుతాయి. వాటివల్ల కాలేయం గ్లూకోజును రక్తంలోకి వదులుతుంది. ముద్ద దిగకపోయినా షుగర్ ఎక్కుతుంది. పైగా ఇన్సులిన్ సూది మానేస్తే కొవ్వు కరిగి కీటోన్లు పేరుకుంటాయి. వాంతులు, కడుపునొప్పి, ఆయాసం మొదలవుతాయి. టైప్ 1 పిల్లల్లో ఇది గంటల్లోనే ముదురుతుంది. 1922 జనవరిలో టొరంటోలో 14 ఏళ్ల లియొనార్డ్ థాంప్సన్‌కు తొలి ఇన్సులిన్ సూది వేసేదాకా అలాంటి పిల్లలను బతికించే దారే లేదు. అందుకే జ్వరంలో నాలుగైదు గంటలకోసారి షుగర్ చూడమంటాను, నీళ్లు తాగిస్తూ ఉండమంటాను. డోసు మారాలేమో డాక్టరు చెప్తారు, సూది మాత్రం పూర్తిగా ఆపొద్దు.

మాత్రల సంగతి వేరు. వాంతులు, విరేచనాలతో ఒళ్లు ఎండిపోతున్నప్పుడు మెట్‌ఫార్మిన్, డాపాగ్లిఫ్లోజిన్ లాంటివి తాత్కాలికంగా ఆపమని డాక్టర్లే చెప్తారు. ఇంట్లో వాళ్లు తరచుగా దీన్ని తలకిందులు చేస్తారు. మాత్ర మింగిస్తారు, సూది మానిపిస్తారు.

పొలం పని రోజున కథ తిరగబడుతుంది, షుగర్ పడిపోతుంది. మా జిల్లాలో ఆడవాళ్లు ఎంతోమంది బీడీలు చుడతారు. పొద్దస్తమానం చాట ముందు కూర్చునే పని. నాట్లు పడగానే వాళ్లలో కొందరు మడిలోకి దిగుతారు. కూర్చున్న రోజులకు రాసిన గ్లిమెపిరైడ్ మాత్రే వేసుకుని, చాయ్ మాత్రం తాగి పోతారు. ఎండెక్కేసరికి చెమటలు, వణుకు, మాట తడబాటు. పక్కవాళ్లు ఎండదెబ్బ అనుకుంటారు. చెరకు కొట్టేవాళ్లకూ ఇదే ముప్పు. కండరం పనిచేస్తూ గ్లూకోజును లాగేస్తుంది, పని ఆగాక కూడా లాగుతూనే ఉంటుంది, ఆ రాత్రి నిద్రలోనూ షుగర్ పడిపోవచ్చు.

షుగర్ 70 కంటే తగ్గితే మూడు చెంచాల చక్కెర నీళ్లలో కలిపి తాగాలి. 15 నిమిషాల తర్వాత మళ్లీ చూసుకుని, తేరుకున్నాక అన్నం తినాలి. చెరకు గడ నమిలితే అంత త్వరగా ఎక్కదు. "షుగరున్నామెకు చక్కెరా!" అని చుట్టూ ఉన్నవాళ్లు చెయ్యి పట్టుకుంటారు. ఆ భయమే నన్ను ఎక్కువ బాధపెడుతుంది. స్పృహ తప్పితే నోట్లో ఏమీ పోయకుండా 108కి ఫోన్ చేయాలి.

పని తగ్గినా చిక్కే. బోధన్‌లోని శక్కర్‌నగర్ చక్కెర ఫ్యాక్టరీ 2015 డిసెంబరులో మూతపడింది. అలా ఒంటిపని ఆగిపోయి, తిండి మాత్రం మారకపోతే పాత డోసు చాలదు. పని తీరు మారినప్పుడల్లా మందూ చూపించుకోవాలి.

మీ ఇంట్లో సూది గానీ షుగర్ మాత్ర గానీ వేసుకునే వాళ్లుంటే, ఆరోగ్యంగా ఉన్న ఈ రోజే డాక్టరుతో రెండు లెక్కలు రాయించుకోండి: జ్వరమొచ్చిన రోజు డోసెంత, పనికి పోయే రోజు డోసెంత. ఆ కాగితాన్ని మందుల డబ్బాలోనే ఉంచండి. పొలానికి పోయేటప్పుడు చక్కెర పొట్లం కొంగున కట్టుకుని పోండి.