కొత్త మంచు పడిన మర్నాడు

సంక్రాంతి దాటాక మన కళ్ళాల్లో మిరపకాయలు ఎర్రగా ఆరుతుంటాయి. సరిగ్గా ఆ రోజుల్లోనే డెన్వర్ నుంచో వాంకూవర్ నుంచో మన పిల్లలు మోకాలి లోతు మంచులో నిలబడి వీడియో కాల్ చేస్తారు. మీ ఇంటికీ అలాంటి కాల్ వచ్చే ఉంటుంది. రెంటచింతల ఎండలో పెరిగిన పిల్లాడు బుగ్గలు కందిపోయి నవ్వుతుంటే చూడటానికి ఎంత బాగుంటుందో! ఈ వారం ఆ మంచు గురించే నాలుగు మాటలు చెప్పుకుందాం.

ముందు సంతోషం సంగతి. దాన్ని పక్కనపెట్టి భయాలే చెబితే ఏ పిల్లలూ వినరు, వినకపోవడం న్యాయం కూడా. మా అమ్మాయి సాల్ట్ లేక్ సిటీలో ఉంటుంది. అక్కడ రాత్రంతా మంచు కురిసిన తెల్లవారి బయటికొస్తే వీధి వీధంతా నిశ్శబ్దం. తాజాగా పడ్డ మంచులో పది వంతుల్లో తొమ్మిది వంతులు గాలేనట, ఆ సందులే చప్పుడును మింగేస్తాయి. రిసార్టువాళ్ళు యంత్రాలతో చదును చేసిన బాటను వదిలి, ఎవరూ అడుగుపెట్టని వాలు మీద స్కీయింగ్ చెయ్యడాన్ని ఆఫ్ పిస్ట్ అంటారు. వెడల్పాటి స్కీలు కట్టుకుని దిగుతుంటే కాళ్ళ కింద నేల తగలదు. మంచు తొడల దాకా లేచి మొహాన కొడుతుంది. ఒకసారి రుచి మరిగినవాళ్ళు మంచు ఎప్పుడు పడుతుందా అని ఆకాశం వంకే చూస్తుంటారు.

చిక్కేమిటంటే, అందరూ ఎదురుచూసే ఆ మర్నాడే ప్రమాదం కూడా ఎక్కువ. ఎందుకో కాస్త నిదానంగా చెబుతాను.

కొండమీద మంచు ఒక్కసారిగా పడదు, పొరలు పొరలుగా పేరుకుంటుంది. మబ్బు లేని చలి రాత్రుల్లో పైపొర పొడిపొడి పలుకులుగా మారిపోతుంది, ఒకటి ఇంకోదాన్ని అంటుకోదు. దాని మీద కొత్త మంచు పడి, గాలికి గట్టిపడి, పలకలా పరుచుకుంటుంది. ఏటవాలు గచ్చు మీద జొన్నలు పోసి పైన పరదా పరిచామనుకోండి, ఆ పరదా మీద కాలు పెడితే ఏమవుతుంది? ఇక్కడా అంతే. మనిషి బరువుకు అడుగుపొర విరుగుతుంది, పగులు క్షణంలో వాలంతా పాకుతుంది, పలక మొత్తం కదిలి కిందికొస్తుంది. ప్రాణాలు తీసే మంచు చరియల్లో అత్యధిక భాగం ఆ పోయినవాళ్ళో, వాళ్ళతో వచ్చినవాళ్ళో కదిపినవే. అది కూడా ఎక్కువగా 30 నుంచి 45 డిగ్రీల వాలులో. స్కీయింగ్‌కి మహా సరదాగా ఉండే వాలు అదే మరి! కాళ్ళ కింద గుభీమని బోలు చప్పుడు వినపడినా, స్కీ ముందు బీటలు పరిగెత్తినా వెంటనే వెనక్కి రావాలి.

మన పొలం సంగతి మనకు తెలుసు. పడమట మబ్బు పట్టగానే కళ్ళంలో కాయ కుప్ప చేసి పరదా కప్పేస్తాం. నల్లరేగడి తడిస్తే ఏ డొంకలో బండి దిగబడుతుందో చిన్నపిల్లలూ చెబుతారు. మంచు గురించి మనకలా చెప్పిన తాత ఎవరు? 2022 డిసెంబర్ 26న అరిజోనాలో గడ్డకట్టిన వుడ్స్ కాన్యన్ సరస్సు మీద నడుస్తూ, గడ్డ విరిగి ముగ్గురు తెలుగువాళ్ళు చనిపోయారు. వారిలో మన గుంటూరు జిల్లావాళ్ళూ ఉన్నారు. ఆ వార్త చదివిన రోజు నాకు అన్నం సయించలేదు. మనిషి నడవాలంటే తేటగా ఉన్న గట్టి గడ్డ కనీసం 4 అంగుళాల మందం ఉండాలంటారు. పైన కొత్త మంచు పడితే అది దుప్పటిలా కప్పేసి, అడుగున గడ్డను మందం కానివ్వదు. పల్చబడ్డ చోటును కంటికి కనపడనివ్వదు కూడా.

అందుకని అక్కడి తాతల్నే అడగాలి. యూటాలో, కొలరాడోలో, కెనడాలో మంచు చరియల కేంద్రాలు చలికాలమంతా రోజూ బులెటిన్ ఇస్తాయి. ప్రమాదాన్ని 1 నుంచి 5 దాకా అంకెల్లో చెబుతాయి. 5 అంటే ఎవరూ వెళ్ళరు. మధ్యలో ఉంది కదా, ఫర్వాలేదులే అనుకునే 3 దగ్గరే ఎక్కువమంది పోతుంటారు.

ఆఫ్ పిస్ట్ వెళ్ళే ప్రతివాళ్ళ ఒంటి మీదా బీకన్ (కూరుకుపోయినవాళ్ళ జాడ తెలిపే సంకేతం పంపేదీ, ఆ సంకేతాన్ని వెతికేదీ ఇదే), సంచిలో మంచులో గుచ్చి వెతికే ప్రోబ్ కర్ర, పార ఉండాలి. కూరుకుపోయిన మనిషిని మొదటి పది నిమిషాల్లో తవ్వి తీస్తే పదిమందిలో తొమ్మిదిమంది దాకా బతుకుతారు. అరగంట దాటితే ముగ్గురు మిగలడం కష్టం. ఏ సహాయక దళమూ పది నిమిషాల్లో రాలేదు, పక్కనున్న స్నేహితుడే రావాలి. అందుకే ఒంటరిగా వెళ్ళకూడదు. వాలు మీదికి ఒక్కొక్కళ్ళే దిగాలి, మిగతావాళ్ళు వాలుకు పక్కగా నిలబడి కన్ను తిప్పకుండా చూడాలి.

మా అమ్మాయి వాళ్ళు బయల్దేరేముందు కార్లు ఆపే చోట ఏం చేస్తారో చూశాను. ఒకమ్మాయి తన బీకన్‌ని వెతికే మీటకు మార్చి నిలబడింది. మిగతావాళ్ళు విడివిడిగా ఆమె ముందునుంచి నడిచారు. దగ్గరికొస్తున్నకొద్దీ తెర మీద మీటర్లు తగ్గుతూ, కూత పెరుగుతూ వచ్చింది. ఒకబ్బాయి నడిచినప్పుడు మాత్రం కూత రాలేదు, అతని బీకన్ బ్యాటరీ అయిపోయింది. మారుబ్యాటరీ ఎవరి దగ్గరా లేదు. ఆ అబ్బాయి మారుమాట్లాడకుండా రిసార్టు బాట వైపు వెళ్ళిపోయాడు, ఎవరూ బతిమాలలేదు. ఆ పద్ధతి నాకు ఎంతో నచ్చింది.

ఇక్కడినుంచే మంచు చూడబోయేవాళ్ళకు గుల్మార్గ్ ఉంది. అక్కడి గండోలా రెండో దశ అఫర్వత్ కొండ మీద సుమారు 13,000 అడుగుల ఎత్తు దాకా మోసుకెళుతుంది. ఆ పై వాలుల్లో 2023 ఫిబ్రవరి 1న చరియ విరిగి ఇద్దరు పోలండ్ స్కీయర్లు చనిపోయారు. మరుసటేడు ఫిబ్రవరిలో గుల్మార్గ్‌లోనే ఇంకో చరియకు ఒక రష్యన్ బలయ్యాడు. కొత్తగా నేర్చుకునేవాళ్ళకు కింద మైదానంలోని చిన్న వాలులు చాలు. ఇండియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ స్కీయింగ్ అండ్ మౌంటెనీరింగ్ కూడా ఆ ఊళ్ళోనే ఉంది. బాగా వచ్చి, పైకి వెళ్ళాలనిపించిన రోజున గైడును మాట్లాడుకుంటారు కదా, కూలి ఎంతని అడిగేముందు అందరికీ బీకన్, ప్రోబ్, పార ఇస్తాడా అని అడగండి. లేవన్నాడంటే ఇంకొకతన్ని చూసుకోండి.