పట్టికలో కానరానిది

మొన్న మా తరగతి బాలురు క్రికెట్టు వీరుల పరుగుల పట్టికను గూర్చి వాదించుకొనుచుండిరి. సచిన్ టెండూల్కరు 200 టెస్టులలో 15,921 పరుగులు చేసెను. మన హైదరాబాదున ఆట నేర్చిన మిథాలీ రాజ్ చేసినవి 699 మాత్రమే. కావున ఆమె పేరెత్తనక్కఱలేదని వారి తీర్పు.

వెనుకబల్లపై గూర్చున్న బాలిక లేచి, "సారూ, ఆమెను ఆడనిచ్చిన ఆటలెన్ని?" అని యడిగెను.

పండ్రెండే! 2002లో ఒక్క ఇన్నింగ్సున 214 పరుగులు చేసిన యామెకు దొరకిన టెస్టులవి. 2006 ఆగస్టు తరువాత 2014 ఆగస్టు వఱకు భారతస్త్రీల జట్టు ఒక్క టెస్టయినను ఆడలేదు. అవకాశము దొరకిన ఏకదిన పోటీలలో 7,805 పరుగులు చేసి, 2022లో విరమించునాటికి ఆమె స్త్రీలందఱిలో అగ్రస్థానమున నుండెను.

ఆ బాలిక తల్లిదండ్రులతో బోధను ప్రాంతమునకు చెరకుకోతకు పోయి రెండు మాసములు బడికి రాలేదు. వ్రాయని పరీక్షలకు సున్నలు వేసి, మొత్తము కూడి, ఆమెను కడపటి స్థానమున నిలిపినవాడను నేనే.

ఆ రాత్రి మార్కుల పుస్తకము మరల తెఱచితిని. వ్రాసిన పరీక్షలలో ఆమెను మించినవారు ఇద్దఱే. మఱునాడు తప్పిన పరీక్షల నామెకు పెట్టితిని.

బాలబాలికలారా, మొత్తమును చూడుడు. దొరకిన అవకాశమెంతయో ముందుగా నడుగుడు.