ధ్రువరాత్రిలో గుండె చప్పుడు

మేము నొరిల్స్క్ చేరినది డిసెంబరులో. ఆర్కిటిక్ వృత్తానికి ఆవల, 69 డిగ్రీల ఉత్తర అక్షాంశాన ఉన్న ఈ రష్యా గనుల నగరంలో నవంబరు చివరి నుండి జనవరి నడిమి వరకు సూర్యుడు ఉదయించడు. 1998లో వెలసిన నూర్ద్ కమాల్ మస్జిద్ వద్ద ఒక తాతారు సోదరి మాకు సలాం చెప్పి పలకరించారు. పాతికేళ్ల ప్రాయంలో కజాన్ నుండి వలస వచ్చారట. ఇప్పుడు యాభై రెండు.

"అప్పట్లో ఈ మంచులో పరుగులు తీసేదాన్ని. ఇప్పుడు పడుకోగానే గుండె లయ తప్పి, మరుక్షణం దడదడలాడుతుంది" అన్నారు. వయసు మహిమ అనుకొని రెండేళ్లు ఎవరికీ చెప్పలేదట. మన ఇళ్లలోని తల్లులూ ఇంతే కదా!

చలికి రక్తనాళాలు ముడుచుకొని రక్తపోటు పెరుగుతుంది. గుండెకు శ్రమ హెచ్చుతుంది. వయసుతోపాటు గుండె లయను నడిపే కణాలు తగ్గుతూ వస్తాయి. ఋతుక్రమం ఆగే కాలంలో ఈస్ట్రోజెన్ తగ్గడం స్త్రీలకు అదనపు మార్పు. ప్రతి గుండెదడా ప్రమాదం కాదు. అది ఏట్రియల్ ఫిబ్రిలేషన్ అయితే మాత్రం గుండెలో రక్తం గడ్డకట్టి పక్షవాతానికి దారి తీయవచ్చు. వచ్చిపోయే దడ కొద్ది క్షణాల ఈసీజీకి చిక్కకపోవచ్చు. అందుకే 24 గంటల హోల్టర్ పరీక్ష. ఆమెకు దానిని కూతురు పట్టుబట్టి చేయించింది. ఫలితం ఇంకా రాలేదు.

ఆమె శాలువాను ముక్కు మీదికి లాక్కొని, దారిలో రెండుసార్లు ఆగి, బస్సు వద్దకు చేరారు. మేమూ ఆమెతోపాటే ఆగాము.